సూత్రమును ఫలమును ఒక్క పుటమీదనే కనబడవలెను

ఇప్పుడు పాఠశాలలలో కంప్యూటరు విద్య నేర్పబడుచున్నది. సంతోషమే. కాని మాలో అనేకులము ప్రోగ్రామును పద్యమువలె కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మరుసటి మాసమునకు మరచిపోవుచున్నాము. ఇది మా బుద్ధిలోపమా, నేర్పు సాధనముయొక్క లోపమా? సూత్ర మొకచోటను, ఫలము వేఱొకచోటను ఉండుటయే దీనికి ముఖ్యకారణమని మా యభిప్రాయము.

1978వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు వాణిజ్య విద్యాలయమున డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి యొక చిక్కును గమనించెను. నల్లబల్లపైనున్న లెక్కల పట్టికలో ఒక్క అంకె మారినచో, దానిపై నాధారపడిన వానినన్నిటిని చెరిపి మరల వ్రాయవలసియుండెను. పట్టికయే తన్ను తాను సవరించుకొనిన నెంత బాగుండునని యాతడు తలచెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రునితో గూడి 1979లో విజికాల్క్ అను స్ప్రెడ్‌షీటును వెలువరించెను. అందొక గడి మారినచో దాని ననుసరించు గడులన్నియు మారును. యంత్రమునకు వరుసగా ఆజ్ఞ లిచ్చుట గాక, ఏ విలువ దేనిపై నాధారపడునో తెలుపుటయే ప్రమేయపద్ధతి ప్రోగ్రామింగునకు ప్రాణము. స్ప్రెడ్‌షీటు వాడువా రెఱుగకయే దానిని సాధన చేయుచున్నారు.

అయినను అందొక గొప్ప లోపము గలదు. అంకె పైకి కనబడును. సూత్రము గడి వెనుక దాగియుండును. దేశముల ఋణభారమును గూర్చి రైన్‌హార్ట్, రోగాఫ్ అను అర్థశాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన వ్యాసమున, ఒక సరాసరిలో అయిదు దేశములు పొరపాటున విడువబడినవి. ఆ తప్పు 2013లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. రచయితలు పంపిన పట్టికను తెరచి దానిని కనిపెట్టినవాడు థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి!

ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయమున కీత్ హన్నా యను పండితుడు నిర్మించి, 2002లో విద్వత్సభకు వివరించిన వైటల్ అను సాధనము ఈ లోపమునకు చక్కని సమాధానము. అది హాస్కెల్ అను ప్రమేయభాషకై యేర్పడినది. అందు ప్రోగ్రాము ఒక పత్రము. నిర్వచనమును, దాని విలువకు చిత్రమును ఆ పత్రమందే యుండును. నిర్వచనమును మార్చిన చిత్రము మారును. చిత్రములోని భాగమును చేతితో మార్చిన, వ్రాత తదనుగుణముగా మారును. అంతములేని జాబితాను సైతము చూడదలచినంతమేర చూడవచ్చును.

చిత్రములు చూపినచో బాలురు యోచించుట మానుదురని కొందరు పెద్దలు శంకింపవచ్చును. రేఖాగణితమును పటము లేకుండ బోధించు గురువు లున్నారా? పటము ఉపపత్తిని చెప్పదు. ఉపపత్తి నడచుటకు నేల నిచ్చును. చూచుట యోచనకు శత్రువు కాదు, దాచుటయే శత్రువు.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటే. క్రొత్త సాధనము కొనువఱకు వేచియుండ నక్కఱలేదు. ఉన్న స్ప్రెడ్‌షీటులోనే ప్రతి ఫలము ప్రక్క గడిలో దాని సూత్రమును మాచేత మాటలలో వ్రాయింపుడు. పరీక్షలో ప్రోగ్రామును అప్పగింపు మనుటకు మారుగా, "ఈ యంకె మారిన నేవేవి మారును? ఏల?" అని యడుగుడు. అప్పుడు మేము కంఠస్థము చేయుట మాని, గ్రహించుట నేర్చుకొందుము.