సిరా లేని వేలు

ముందే నిజం చెప్పేస్తాను. 2024 మే 13న నేను పోలింగ్ బూత్‌లో వలంటీర్‌గా పనిచేసింది ప్రజాస్వామ్యం మీద ప్రేమతో కాదు. మా ఊరికి ట్రైన్ టికెట్ దొరక్క. మాది శ్రీకాకుళం జిల్లా, కాలేజీ ఏమో గుంటూరు వైపు. ఎలక్షన్ సీజన్‌లో జనరల్ బోగీలో నిలబడి వెళ్ళే ఓపిక లేదు. అదే టైంలో ఎన్‌ఎస్‌ఎస్ సార్ వచ్చి, "ముసలివాళ్ళకీ వికలాంగులకీ సాయం చేయడానికి వలంటీర్లు కావాలి, సర్టిఫికెట్ ఇస్తారు" అన్నారు. హాస్టల్‌లో పడుకోవడం కంటే నయం కదా అని పేరిచ్చాను. ఆ ఒక్క రోజు తర్వాత ఎన్నికల గురించి నేను మాట్లాడే తీరు మారిపోయింది. మీరూ ఒక్కసారి ఆ పని చేసి చూడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మాకిచ్చిన బూత్ ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. గోడ మీద గుణింతాలు, మూలన పిల్లల బెంచీలు ఒకదాని మీద ఒకటి. సిబ్బంది ముందురోజే మెషీన్లూ సంచులూ మోసుకుని వచ్చి, రాత్రి ఆ బెంచీలు కలుపుకునే పడుకున్నారు. అందులో ఇద్దరు మహిళా టీచర్లు. నేను పొద్దున అయిదుంపావుకి చేరేసరికి ఒక మేడమ్ బోరింగు దగ్గర మొహం కడుక్కుంటూ, "టీ దొరుకుతుందా బాబూ ఇక్కడ?" అని అడిగారు. నాకు తెలిస్తే కదా.

అయిదున్నరకి మాక్ పోల్. ప్రిసైడింగ్ ఆఫీసర్ని అందరూ 'పీఓ గారు' అంటారు. సెల్ బయట పెట్టి గుమ్మం దగ్గర నిలబడి చూడమన్నారాయన. మన గ్రూపుల్లో ఈవీఎంల గురించి ఎన్ని థియరీలు నడుస్తాయో మీకు తెలుసు. బ్లూటూత్, చిప్, శాటిలైట్... నేనూ రెండు మూడు ఫార్వర్డ్ చేసినవాడినే. ఆ పొద్దున మొదటిసారి అసలు మెషీన్ చూశాను. పార్టీల ఏజెంట్ల ఎదురుగా కనీసం యాభై ఓట్లు వేయాలి. ఎవరికెన్ని వేశారో కాగితం మీద రాసుకుంటారు. ఆ తర్వాత మెషీన్ చెప్పిన లెక్కనీ, వీవీప్యాట్ స్లిప్పులనీ దానితో సరిచూస్తారు. సరిపోతే ఆ ఓట్లన్నీ తుడిచేసి, స్లిప్పులు తీసి నల్ల కవర్లో సీల్ చేస్తారు. కంట్రోల్ యూనిట్‌కి వేసే ఆకుపచ్చ పేపర్ సీల్ మీద ఏజెంట్లు సంతకాలు పెడతారు. ఆంధ్రాలో ఆ రోజు పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నిక, అంటే ఇదంతా రెండుసార్లు. ఏడింటికల్లా పోలింగ్ మొదలవ్వాలి. ఒక ఏజెంట్ ఆలస్యంగా వచ్చి "మళ్ళీ చూపించండి" అంటుంటే, పీఓ గారి చొక్కా అప్పటికే చెమటతో తడిసిపోయింది.

మెషీన్‌ని ప్రశ్నించొద్దని నేను అనట్లేదు. ప్రశ్నించాలి, మనం ఇంజనీర్లం. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన విషయమే అది. నూటికి నూరు శాతం వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్ 26న కోర్టు కొట్టేసింది. కానీ రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఖర్చు పెట్టుకుని అడిగితే 5 శాతం మెషీన్లను తనిఖీ చేయించుకోవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. వీవీప్యాట్ అద్దంలో ఏడు సెకన్లు కనిపించే స్లిప్పు తను నొక్కిన గుర్తుది కాదని ఓటరు అంటే, రాతపూర్వకంగా ఇచ్చి అందరి ముందూ టెస్ట్ ఓటు వేసే రూలు కూడా ఉంది. ఇవేవీ చదవకుండా 'అంతా హ్యాకింగ్ బ్రో' అనేయడం ప్రశ్నించడం కిందికి రాదు. సర్క్యూట్ డయాగ్రమ్ చూడకుండా వైవాలో సమాధానం చెప్పడం లాంటిది అది. ఏం మార్కులు వస్తాయో మనకి తెలియనిదా?

ఆ రోజు నాకు కనిపించిన లోపాలు వేరు. అవన్నీ మెషీన్ బయటే ఉన్నాయి.

తొమ్మిదింటప్పుడు ఒకతను బ్యాగ్‌తో సహా సరాసరి బూత్‌కే వచ్చాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, రాత్రంతా బస్సులో ప్రయాణం. చేతిలో ఓటర్ కార్డు ఉంది. లిస్టులో పేరు లేదు. హెల్ప్ డెస్క్ దగ్గర బీఎల్ఓ అక్షర క్రమం లిస్టు కూడా తిరగేసింది. లేదు. "కార్డు మీరే ఇచ్చారు కదండీ, మళ్ళీ మీరే లేదంటే ఎలా?" అని అరిచాడు. తర్వాత బతిమాలాడు. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు. కార్డు ఉంటే ఓటున్నట్టు కాదు, లిస్టులో పేరుంటేనే ఓటు. ఈ చిన్న ముక్క మనలో ఎంతమందికి తెలుసు? ఏటా ముసాయిదా జాబితా పెడతారు, అభ్యంతరాలు చెప్పమంటారు. క్రికెట్ స్కోరు నిమిషానికోసారి చూసే మనం, అందులో మన పేరు ఒక్కసారైనా చూసుకున్నామా? అతని పేరు ఎందుకు పోయిందో, అందులో తప్పెవరిదో నాకు తెలియదు. ఎవరిదైనా, అది ఆ రోజు సరిదిద్దగలిగింది మాత్రం కాదు. అసలు పని నెలల ముందే జరిగిపోతుంది. నామినేషన్ల ఆఖరి రోజు దగ్గరపడ్డాక ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇంకో సంగతి. చూపు సరిగా లేని ఒక మామ్మని నేను వీల్ చెయిర్‌లో గుమ్మం దాకా తోసుకొచ్చాను. "నువ్వే నొక్కెయ్యి అయ్యా, నీకు పుణ్యముంటది" అంది నాతో. ఏ గుర్తో కూడా గట్టిగానే చెప్పేయబోతుంటే పీఓ గారు ఆపి, ఇంట్లోవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. మనవడు వచ్చాడు. తోడుగా వెళ్ళేవాళ్ళ నుంచి డిక్లరేషన్ తీసుకుంటారు, వాళ్ళ కుడిచేతి చూపుడు వేలికి సిరా పెడతారు. అప్పటిదాకా నాకు తెలిసింది ఎడమచేతి సిరా ఒక్కటే. అరగంట తర్వాత ఆ మనవడే పక్కింటి ముసలాయన్ని కూడా తీసుకొచ్చాడు. పీఓ గారు కుడివేలు చూసి, "ఒక మనిషి ఒక్కరికే తోడు బాబూ" అన్నారు. "నేనేమన్నా ఓట్ల దొంగనా సార్?" అని అతను మండిపడ్డాడు. అతను దొంగ కాకపోవచ్చు. కానీ పదిమంది ముసలివాళ్ళని వరసగా తీసుకొచ్చి పది బటన్లూ తనే నొక్కేవాడు ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు. వాణ్ణి ఆపేది ఏ సాఫ్ట్‌వేరూ కాదు. ఒక చుక్క సిరా, దాన్ని చూసి కాదనగలిగిన ఒక మనిషి.

ఆ మనిషి ఎలాంటి పరిస్థితిలో ఉంటాడో కూడా చూడండి. రాత్రి నిద్ర లేదు. గదికి ఒక్క ఫ్యాను. మధ్యాహ్నం భోజనం ఒకరి తర్వాత ఒకరు, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని అయిదు నిమిషాల్లో. బాత్‌రూమ్ సంగతి ఆ మేడమ్‌లనే అడగాలి. లైను ఆగకూడదు, పొరపాటు జరగకూడదు, ఏ పార్టీ ఏజెంటుకీ కోపం రాకూడదు. ఒక్క బీప్ వినగానే పనైపోయిందనుకుని బయటికి వచ్చేస్తున్న పెద్దవాళ్ళని "అమ్మా, రెండో మెషీన్ ఉంది, గులాబీ కాగితం ఉన్నది" అని ఆ మేడమ్ వందలసార్లు చెప్పి ఉంటారు. సాయంత్రానికి ఆవిడ గొంతు పోయింది. ఇలాంటివాళ్ళని పట్టుకుని 'అందరూ అమ్ముడుపోయారు' అని మనం ఒక్క మెసేజ్‌లో తేల్చేస్తాం.

అన్ని బూతులూ మాదానిలా నడిచాయనీ అనను. అదే రోజు పల్నాడులో ఒక బూత్‌లో ఈవీఎంని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. చూడగలిగింది ఎందుకంటే, అక్కడ వెబ్‌కాస్టింగ్ కెమెరా ఉంది. టెక్నాలజీ మీద మన పాండిత్యం చూపించాలంటే అలాంటి చోట చూపించొచ్చు. గతంలో ఎన్నికల వెబ్‌కాస్టింగ్‌కి లాప్‌టాప్‌లు పట్టుకుని వెళ్ళింది మన సీనియర్ల లాంటి ఇంజనీరింగ్ స్టూడెంట్లే.

సాయంత్రం ఆరింటికి నాకు బాగా నచ్చిన సీన్ చూశాను. టైం అయిపోయింది, లైనేమో బడి గేటు దాకా ఉంది. అప్పుడు నంబర్లు వేసి సంతకం చేసిన స్లిప్పులు పంచుతారు. మనమైతే ముందు నుంచి మొదలుపెడతాం. వాళ్ళు వెనక నుంచి మొదలుపెడతారు. ఆఖరి మనిషికి ఒకటో నంబరు. ఇక ఆయన వెనక ఎవరొచ్చి నిలబడినా చేతిలో స్లిప్పు ఉండదు. డేటా స్ట్రక్చర్స్‌లో క్యూ గురించి పది మార్కుల ఆన్సర్లు రాశాను కానీ, ఇంత చక్కటి క్యూ నేనెప్పుడూ చూడలేదు. ఆఖరి ఓటు పడేసరికి ఎనిమిదిన్నర దాటింది. రాష్ట్రంలో కొన్ని చోట్ల అర్ధరాత్రి దాకా ఓట్లు వేశారు. మొత్తం మీద పోలింగ్ 81.86 శాతం. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ సీటులో సగం మంది కూడా ఓటు వేయలేదు.

ఇప్పుడు నా సంగతి. మధ్యాహ్నం ఓటేసి బయటికొచ్చిన ఆ మామ్మ, నేను వీల్ చెయిర్ తోస్తుంటే నా చెయ్యి పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నీ ఏలికి సిరా లేదేంది అబ్బాయ్?"

"మాది వేరే ఊరు మామ్మా."

"అయితే?"

ఆ 'అయితే'కి నా దగ్గర సమాధానం లేదు. 18 దాటాక వచ్చిన మొదటి ఎన్నిక అది. ఎలక్షన్ డ్యూటీలో ఉన్నవాళ్ళు ఫారం 12 పెట్టుకుని పోస్టల్ బ్యాలెట్ అడుగుతారని ఆ రోజు పోలింగ్ సిబ్బంది మాటల్లో తెలిసింది. మా వలంటీర్లకి అది వర్తిస్తుందా అన్నది మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. చెప్పనివాళ్ళ తప్పు కొంత ఉండొచ్చు. అడగని తప్పు మాత్రం నాదే. రోజంతా వందల మంది చేత ఓటు వేయించి, నా ఓటు టికెట్ దొరకలేదన్న వంకతో వదిలేశాను. అదే రోజు ఉద్యోగం చోటు నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన మనిషి, పేరు లేక మెట్ల మీద కూర్చున్నాడు. పేరున్న నేను వెళ్ళలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

హాస్టల్‌లో ఉండే స్టూడెంట్ తన ఓటు సొంతూళ్ళో పెట్టుకోవచ్చు, లేదా చదువుకునే చోట పెట్టుకోవచ్చు. కాలేజీ నుంచి బోనఫైడ్ తెచ్చి ఇస్తే చాలు. కొత్తగా అయితే ఫారం 6, ఊరు మార్చుకోవాలంటే ఫారం 8. 2022 నుంచి జనవరి ఒకటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలకి 18 నిండినా అర్హతే. ఇది రూమ్‌మేట్‌కి చెబితే, "ఇక్కడ ఉండేది నాలుగేళ్ళు. ఇక్కడి ఎమ్మెల్యేతో నాకేం పని?" అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ ఆ నాలుగేళ్ళూ మనం తిట్టుకునేది ఈ ఊరి రోడ్డునీ, ఈ రూట్ బస్సునీ, వేసవిలో రాని ఈ నీళ్ళనే కదా! మీ మనసు ఊళ్ళోనే ఉంటే ఓటూ అక్కడే ఉంచుకోండి, తప్పు లేదు. అప్పుడు టికెట్ కూడా ముందే బుక్ చేసుకోండి. ఓటు అక్కడ, మనిషి ఇక్కడ, సాకు మధ్యలో – ఇది మాత్రం వద్దు.

ఓటింగ్ వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. అంటే మన వయసువాళ్ళని నమ్మి ఇచ్చిన హక్కు ఇది. అందుకే నాది ఒక్క ప్రతిపాదన. ఫస్టియర్ అడ్మిషన్ల టైంలో యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్‌తో పాటు ఓటర్ ఫారం కూడా పెట్టండి. కాలేజీ పెట్టకపోతే మన క్లబ్బే ఒక బల్ల వేసుకుని కూర్చోవచ్చు. మన పత్రికకి కవితలు అడిగినట్టే, లిస్టులో పేరు చూసుకున్నావా అని ఒక్కొక్కరినీ అడుగుదాం. ఎన్నికలొచ్చినప్పుడు వలంటీర్లు కావాలంటే చెయ్యెత్తండి. ఎత్తేముందు మాత్రం మీ ఓటు సంగతేంటో అడిగి రాయించుకోండి.

నేను ఫారం 8 పెట్టాను. ఇప్పుడు నా పేరు ఈ ఊరి లిస్టులో ఉంది, చూసుకున్నాను కూడా. ఈసారి ఆ మామ్మ కనిపిస్తే చూపించడానికి నా దగ్గర ఒక వేలుంటుంది.