మన మట్టిని కాల్చి మన పురుగునే చంపుకోవాలా?

చాకీ దశ దాటిన పట్టుపురుగుకు 23 నుంచి 25 డిగ్రీల చల్లదనం కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ చల్లదనం కోసం బైరెడ్డిపల్లె రైతు షెడ్డుకు తడి గోనెలు కట్టి, పూటపూటా నీళ్ళు చల్లుతాడు. అయినా నాలుగో జ్వరం దాటాక పురుగు చస్తే, గుడ్లు మంచివేనా, మందు చల్లావా అని అందరూ అడుగుతారు. గోడ సంగతి ఎవరూ అడగరు. మేము గోడ సంగతే అడుగుతున్నాం.

మన షెడ్లకూ ఇళ్ళకూ ఇవాళ దొరికేది సిమెంటు ఇటుక, లేకుంటే బట్టీలో కాల్చిన గట్టి ఇటుక. రెండూ పగలంతా ఎండను తాగి రాత్రి లోపలికి కక్కుతాయి. మూడో దారి బోలు మట్టి ఇటుక. అంగట్లో 'హాలో బ్రిక్' అంటే సిమెంటు దిమ్మె చూపిస్తారు, మేము చెప్పేది అది కాదు. మెత్తటి బంకమట్టిని యంత్రంతో అచ్చులోంచి నెట్టి, నడుమ గదులు గదులుగా ఖాళీలు వదిలి, ఆరబెట్టి కాల్చిన ఇటుక ఇది. ఆ ఖాళీల్లోని గాలి వేడిని నిదానింపజేస్తుంది. అంతే గోడకు మట్టీ తక్కువే పడుతుంది.

ఆ మట్టి లెక్క రైతుకు ప్రాణం. 9 అంగుళాల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉన్న ఇటుకలు ఘనపుటడుగుకు 16 వస్తాయి. ఎకరంలో అడుగు లోతు తవ్వితే 43,560 ఘనపుటడుగుల మట్టి. తరుగు తీసేసినా అయిదారు లక్షల ఇటుకలు. బట్టీ యజమాని ఈ లెక్క వేసుకునే మన గట్టు ఎక్కుతాడు. ఆ అడుగు మట్టి మళ్ళీ పుట్టడానికి ఎన్ని తరాలు పడుతుందో మనం లెక్క వేసుకోం.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. పైమట్టిని కాపాడాలనే 1999లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో 25 శాతం బూడిద కలపాలంది. 2016లో ఆ పరిధిని 300 కిలోమీటర్లకు పెంచింది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి కొలిస్తే మన మండలమూ అందులోనే ఉంది. మరి మన పైమట్టి ఎందుకు బట్టీల పాలవుతోంది?

గోడల గుండా వచ్చే వేడికి హద్దు పెడుతూ 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చారు. అదీ 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకే. పట్నం అపార్ట్‌మెంటుకు చల్లని గోడ, పల్లె పేదకు ఉడికే గోడ! సబ్సిడీ షెడ్డు ఎన్ని చదరపు అడుగులో కొలుస్తారు. మే నెల మధ్యాహ్నం లోపల ఎన్ని డిగ్రీలో కొలిచేవారు లేరు.

'బోలు ఇటుక బరువు మోస్తుందా?' అని మేస్త్రీలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జర్మనీ, ఆస్ట్రియాల్లో దీనితోనే అంతస్తుల ఇళ్ళు కడుతున్నారు. మన దేశంలోనూ ఐఎస్ 3952 ప్రమాణం ఉంది. అయితే స్లాబు మోసే గోడకు ఖాళీలు నిలువుగా ఉన్న రకమే వాడాలి. అడ్డంగా ఉన్నది పిల్లర్ల నడుమ నింపడానికి. ఆ తేడా చెప్పకుండా అమ్మేవాడిని నమ్మకండి. కప్పు వేడి తగ్గించకుండా గోడ ఒక్కటే చాలదన్నదీ నిజం.

దూరమంటారా? ఇవాళ ఇది తయారయ్యే పెద్ద కార్ఖానా బెంగుళూరుకు అవతల కుణిగల్‌లో ఉంది. కిరాయే నడ్డి విరుస్తుంది. కానీ 1865లో మంగళూరులో మొదలైన పెంకు మన పల్లె ఇళ్ళ మీదికి ఎక్కలేదా? మట్టిపనిలో పేరుపడ్డ పలమనేరు మన పక్కనే ఉండగా, ఈ ఇటుక ఇక్కడ ఎందుకు తయారు కాకూడదు?

అందుకే మా డిమాండ్లు ఇవి. పట్టు షెడ్లకు, ప్రభుత్వ ఇళ్ళకు చల్లని గోడ కట్టుకుంటే అదనపు ఖర్చు సర్కారే భరించాలి. పలమనేరు, పుంగనూరు ప్రాంతంలో సహకార రంగంలో బోలు ఇటుకల కార్ఖానా పెట్టాలి. ఎక్కడ మట్టి తీసినా పైమట్టిని పక్కన పోసి, పని ముగిశాక తిరిగి పరచాలి. చెరువు పూడిక బట్టీకి కాదు, తెలంగాణలో మిషన్ కాకతీయలో తోలినట్టు పొలానికి పోవాలి.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా రాయించండి. అంతవరకు ఎంత రేటు చెప్పినా బట్టీకి అడుగు మట్టి కూడా అమ్మకండి. పొలం మిగిలితేనే మల్బరీ, మల్బరీ ఉంటేనే గూడు.