కట్టించినవాడు, కట్టినవాడు

ఈ నెల మేము చెప్పబోయేది ఇంగ్లండులో చెషైర్ సీమలోని లిటిల్ మోర్టన్ హాల్ గురించి. ట్యూడర్ రాజుల నాటి లోగిలి అది. మోర్టన్ కుటుంబంవారు 1500 దాటిన కొద్ది ఏండ్లకు మొదలుపెట్టి, సుమారు నూరేండ్లు పెంచుకుంటూ వచ్చారు. చుట్టూ నీటి కందకం, నడుమ ముంగిలి. ఓక్ దూలాల చట్రం నిలిపి, ఖాళీలలో తడిక కట్టి మట్టి మెత్తారు.

పై అంతస్తున 68 అడుగుల పొడుగు గది వేసి, కప్పుకు రాతి పలకలు పరిచారు. ఆ బరువుకు కింది దూలాలు వంగినవి. చూస్తే ఇల్లు తూలుతున్నట్టే ఉంటుంది. అయినా పడలేదు. 1938 నుంచి నేషనల్ ట్రస్టు అనే సంస్థ మరమ్మతులు చేయిస్తూ కాపాడుతున్నది.

మాకు మిక్కిలి నచ్చినవి ముంగిటి కిటికీలపై 1559లో చెక్కిన మాటలు. యజమాని విలియం మోర్టన్ పేరుతోబాటు, ఆ కిటికీలు చేసిన వడ్రంగి రిచర్డ్ డేల్ పేరు కూడా అక్కడున్నది. కట్టించినవాని పేరు లోకం ఎలాగూ చెప్పుకుంటుంది. కట్టినవాని పేరు ఆ ఇల్లే చెప్పాలి.

మన తాతల ఇళ్ళకు పనిచేసిన వడ్రంగుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? తెలిసిన పెద్దలుండగానే అడిగి వ్రాసి పెట్టుకొందాము.