విరిగితే ఏం చేస్తారో ముందే అడగండి

విజయవాడలో నాది పళ్ల ల్యాబ్. డాక్టర్లు పంపే కొలతలను బట్టి క్యాపులు, బ్రిడ్జిలు చేసి పంపుతాం. ఆ నోరు ఎవరిదో మాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ మధ్య మాత్రం తెలిసినవాళ్లు నన్నే పట్టుకుని అడుగుతున్నారు. "ఒంట్లో ఇనప మేకు దేనికండీ, తెల్లటి సిరామిక్ ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నారు, మీరేమంటారు?" అని. 'మెటల్ ఫ్రీ' అనే మాట ఫ్లెక్సీల మీద బాగా అమ్ముడుపోతోంది మరి.

ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించే ఆ మేకు మామూలుగా టైటానియంది. టైటానియం ఇనుము కాదు. తుప్పు పట్టదు, అయస్కాంతానికి అంటుకోదు. ఎమ్మారై తీయించుకోవచ్చు. దవడ దగ్గర బొమ్మ కాస్త చెదురుతుంది, అంతే. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూద్దామని టైటానియం పరికరం అమర్చాడు. పనయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో, పుట్టుకతోనే దవడ లోపమున్న యోస్టా లార్సన్ అనే ఆయనకు ఆ లోహంతోనే ఇంప్లాంట్లు పెట్టాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా వాటితోనే నమిలాడు. పంటి వైద్యంలో ఈ లోహానికి అంత పాత సాక్ష్యం ఉంది.

పైగా, గాలి తగిలిన మరుక్షణం టైటానియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. ఎముక అతుక్కునేది ఆ పొరకే, అది సిరామిక్ జాతిదే. అటు చూస్తే ఆ తెల్లటి సిరామిక్, అంటే జిర్కోనియా కూడా జిర్కోనియం అనే లోహం తాలూకు ఆక్సైడే. ఈ రెండింటి ఖనిజాలూ, ఇల్మెనైటూ జిర్కానూ, మన భీమునిపట్నం ఇసుకలో కలిసే దొరుకుతాయి. జగడమంతా ఫ్లెక్సీల మీదే.

జిర్కోనియాను తక్కువ చేసి మాట్లాడితే నా పొట్ట నేనే కొట్టుకున్నట్టు. రోజూ నేను చేసేది దాంతోనే. మా దగ్గరికి సుద్దముక్కంత మెత్తటి బిళ్లగా వస్తుంది. మెషిన్ దాన్ని కావాల్సిన కొలత కన్నా నాలుగో వంతు పెద్దగా చెక్కుతుంది. సుమారు 1500 డిగ్రీల ఫర్నేస్‌లో కాలి, కుదించుకుని సరైన కొలతకు వస్తుంది. ఆ తర్వాత దాన్ని అరగదీయాలంటే వజ్రపు పొడి అద్దిన డ్రిల్ బిట్టే కావాలి. అందులో కాస్త కలిపే ఇట్రియా అనే పదార్థం వల్ల దానికో విచిత్రమైన గుణం వచ్చింది. పగులు మొదలైతే, ఆ పగులు మొనలో ఉన్న రేణువులు రూపం మార్చుకుని ఉబ్బి దాన్ని నొక్కి ఆపేస్తాయి. జిర్కోనియాలో ఈ సంగతిని 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

కానీ ఆ మార్పే తడి తగిలే చోట ఏళ్ల తరబడి మెల్లగా పైపొరను బలహీనపరచగలదు. తుంటి కీళ్లలో వేసే జిర్కోనియా బంతులను ఫ్రాన్స్‌లోని ఒక కంపెనీ 2001లో వెనక్కి పిలిపించింది. కాల్చే ఫర్నేస్ పద్ధతి మార్చాక తయారైన కొన్ని బ్యాచ్‌లు రోగుల ఒంట్లో పగిలిపోయాయి. మెటీరియల్ పేరు మారలేదు, మారింది కాల్చిన తీరు. తుంటి బంతికీ పంటి ఇంప్లాంట్‌కూ తేడా ఉంది, అప్పటికన్నా ఇప్పటి సరుకు మెరుగైంది. అయినా ఫర్నేస్ ముందు కూర్చునేవాణ్ణి, ఆ సంగతి మర్చిపోలేను.

అందుకే నా లెక్క వేరు. ఏది బాగుంటుందని కాదు, చెడిపోయిన రోజు ఏం చేయగలమని చూస్తాను. మామూలు టైటానియం ఇంప్లాంట్‌లో ఎముకలో ఉండేది ఒక ముక్క, దాని మీద క్యాప్‌ను మోసే అబట్‌మెంట్ ఇంకో ముక్క, రెంటినీ కలిపేది స్క్రూ. స్క్రూ వదులైతే బిగిస్తారు, విరిగితే మారుస్తారు. క్యాప్ చెడితే మాకు పంపుతారు. సిరామిక్‌లో చాలా రకాలు ఒకే ముక్క. వంకరగా కూర్చుంటే సరిచేసే దారి దాదాపు ఉండదు. అరగదీస్తే కంటికి కనిపించని పగుళ్లు రావచ్చు. మెడ దగ్గర విరిగితే మిగతాది ఎముకలోంచి తవ్వి తీయాల్సిందే. టైటానియం అసలు విరగదని కాదు, అరుదుగా విరుగుతుంది, అప్పుడూ తవ్వాల్సిందే. సిరామిక్‌లోనూ ఇప్పుడు రెండు ముక్కలవి వస్తున్నాయి. వాటికి ఇంకా అంత అనుభవం లేదు.

మరి సిరామిక్ ఎవరికి? చిగురు పల్చగా ఉన్నవాళ్లకు ముందు పళ్ల దగ్గర టైటానియం బూడిద రంగులో కనిపించొచ్చు. టైటానియం పడదని తేలినవాళ్లు కొందరుంటారు, చాలా తక్కువమంది. మొదటి రకానికి కూడా ఎముకలో టైటానియం, చిగురు దగ్గర జిర్కోనియా చాలని నా అభిప్రాయం. దవడ వెనకాల ఎవరూ చూడని చోట తెలుపు కోసం అదనంగా డబ్బు పోయడం నాకు నచ్చదు. షుగర్ అదుపులో లేకపోతే, సిగరెట్ మానకపోతే, రోజూ శుభ్రం చేసుకోకపోతే రెండూ ప్రమాదంలో పడేవే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చి, ఇక్కడ తక్కువలో అవుతుందని ఇంప్లాంట్ వేయించుకుని వెళ్లేవాళ్లున్నారు. కొన్నేళ్లకు డాలస్‌లో స్క్రూ కదిలితే అక్కడి డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, ఏ కంపెనీ, ఏ సైజు అనే. చాలామంది దగ్గర జవాబుండదు. కంపెనీని బట్టి స్క్రూ తల, దాన్ని తిప్పే డ్రైవర్ మారిపోతాయి. అటువంటి కేసులు మాకూ వస్తాయి. ఎక్స్‌రే పెట్టుకుని, ఆకారాన్ని బట్టి కంపెనీ పేరు ఊహించుకుంటూ కూర్చోవాలి. మంచి కంపెనీ ఇంప్లాంట్ పెట్టెలో మోడల్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. వాటిలో ఒకటి మీ ఫైల్లో అంటించమనండి, ఒకటి ఫోన్లో ఫొటో తీసుకోండి. దానికి ఒక్క రూపాయి కూడా అదనంగా కాదు. ఇవ్వడానికి డాక్టర్ నసిగితే మెటలా సిరామిక్కా అనే చర్చ పక్కన పెట్టి, వేరే డాక్టర్ని చూసుకోండి.