బాలింత, సూదిమందు, ఇంటి భయము



మా యింట జరిగిన ఒక సంగతిని, దానిని బట్టి మా ప్రాంతపు ఆసుపత్రుల వారికి చేయదలచిన మనవిని తమ పత్రికా ముఖమున తెలుపుటకు అవకాశ మీయ ప్రార్థన.

మా అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పదకొండవ నాటికి ఎడమ కాలు పిక్క మొదలు తొడ వరకు వాచి, నేల మోపలేకపోయినది. బాలింతకు నీరు దిగినదని మా పెద్దలు కాపడము పెట్టి, త్రాగు నీరు మరింత తగ్గించిరి. మరునాడు ఆసుపత్రిలో స్కానింగు చేసి, కాలి లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినదనియు, అది కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయమనియు చెప్పిరి. కాన్పు తరువాతి వారములలో ఈ ప్రమాదము హెచ్చు. కదలక పడుకొనుట, ఒంటిలో నీరు చాలకుండుట దానికి తోడుపడును. ఆచారము పేరిట మనము బాలింతల చేత చేయించునవి సరిగా ఆ రెండే గదా!

వైద్యము సరిగానే జరిగినది. లోపము ఇంటికి పంపుటలో జరిగినది. ఎనాక్సాపరిన్ అను మందు నింపిన సిరంజిల పెట్టె చేతికిచ్చి, పన్నెండు గంటలకొకటి చొప్పున మూడు నెలలు పొట్టపై వేసుకొనవలెనని చెప్పిరి. నర్సు తాను ఒకసారి వేసి చూపినదే గాని అమ్మాయి చేత వేయించలేదు. ఒడియాలో నాలుగు మాటలు, ఇంగ్లీషులో ఒక కాగితము, అంతే. మా యింట పథ్యపానములు నిర్ణయించునది నా భార్య, ఆమె తల్లి. వారిద్దరికి తెలుగు తప్ప వేరు చదువు లేదు.

ఇల్లు చేరిన నాటి నుండి సూది కంటె మాటలే ఎక్కువ గ్రుచ్చినవి. "రక్తము పలుచన చేయు మందు" అని విన్నంతనే, పచ్చి బాలింతకు ఉన్న నెత్తురే చాలకుండగా ఇంకను పలుచన చేయుదురా అని అమ్మమ్మ అడిగినది. పాలలో దిగి బిడ్డకు చెరుపు చేయునని వియ్యపురాలు అన్నది. పొట్టపై నీలపు మచ్చలు చూచి ఇరుగుపొరుగు వారు మరింత భయపెట్టిరి. అమ్మాయి ఒకనాడు రెండు పూటల సూదులు మాని, ఎవరికిని చెప్పలేదు. మరునాడు కాలు బరువెక్కగా ఏడ్చుచు చెప్పినది. పరుగున ఆసుపత్రికి పోతిమి. గడ్డ పెరగలేదని తెలియువరకు మా ప్రాణములు మా వద్ద లేవు.

ఆనాడు డ్యూటీలో నున్న డాక్టరమ్మ మా అందరిని కూర్చుండబెట్టి పావుగంట తెలుగులో చెప్పినది. ఈ మందు నెత్తురును నీరు చేయదట. ఉన్న గడ్డ పెరగకుండ, క్రొత్తది కట్టకుండ ఆపును. గడ్డను మెల్లగా కరిగించుకొనునది శరీరమే. ఇది పాలలోనికి దాదాపు దిగదు. దిగినను బిడ్డ కడుపులో పనిచేయదు. నోట మ్రింగిన పనిచేయదు గనుకనే సూదితో ఇచ్చుట. సూది వేసిన చోట చిన్న నీలపు మచ్చలు సామాన్యము. ఈ నాలుగు ముక్కలు మొదటి రోజుననే చెప్పియుండిన మాకీ గండము తప్పియుండెడిది.

అమ్మాయి ఆమె ఎదుటనే తొలిసారి స్వయముగా వేసుకొన్నది. బొడ్డునకు రెండంగుళముల దూరము విడిచి, చర్మమును మడతగా పట్టి, సూదిని నిటారుగా పూర్తిగా దింపవలెను. సూది తీయువరకు మడత విడువరాదు, తరువాత రుద్దరాదు. సిరంజి మందు అంతయు వేసుకొనువారు అందలి గాలి బుడగను వెళ్ళగొట్టరాదు. ఒక పూట ఎడమ వైపు, ఒక పూట కుడి వైపు. ఆ గుర్తులు కాలెండరుపై పెట్టు పని అమ్మమ్మయే తీసుకొన్నది! అటుపై ఒక్క పూటయు తప్పలేదు. మూడు నెలలు నిండి, డాక్టరు చెప్పిన మీదటనే సూదులు ఆపితిమి.

ఇట్టి మందు వాడువారు మరచిన పూటకు రెండు సూదులు కలిపి వేసుకొనరాదు. డాక్టరు నడుగక నొప్పి మాత్రలు మ్రింగరాదు. మలము నల్లబడినను, నెత్తురు ఆగకున్నను, తలకు దెబ్బ తగిలినను, హఠాత్తుగా ఆయాసము గాని గుండెలో నొప్పి గాని వచ్చినను క్షణమాగక ఆసుపత్రికి పోవలెను. వాడిన సూదులను చెత్తబుట్టలో గాక గట్టి మూత గల డబ్బాలో వేయుట పాకీ పని చేయువారి పట్ల మన ధర్మము.

ఇక ఆసుపత్రుల వారికి నా మనవి మూడు మాటలు. ఇంటికి పంపకముందు రోగి చేతనే ఒక సూది వేయించి చూడుడు. ఆ యింట మాట చెల్లు పెద్దవారిని కూడ పిలిచి చెప్పుడు. ఒక పుట కాగితమును ఒడియాతో పాటు తెలుగులోను అచ్చు వేయించుడు. ఒడిశాలో తెలుగు కాగితమేల అని కొందరనవచ్చును. 1936లో ఈ ప్రాంతము మద్రాసు నుండి ఒరిస్సాలో చేరిన తరువాత మా పిల్లలు ఒడియా చదివిరి, ఆ భాషపై మాకు గౌరవమే గలదు. ఇది భాషా వివాదము కాదు. రోగి కర్థము కాని మందు సగము మందే. ఈ ఆవశ్యక ఔషధమునకు వ్యయమగు ధనములో ఒక కాగితము ఖర్చు ఎంత?

బాలింతలున్న తెలుగిండ్ల వారికి కూడ ఒక మాట. డాక్టరు వలదన్న తప్ప బాలింతకు దాహమునకు నీరీయుడు, ఆమెను నాలుగడుగులు నడువనీయుడు. ఒక కాలు మాత్రమే వాచినచో కాపడముతో కాలయాపన చేయక చూపించుడు.

ఇట్లు,
ఒక తాత,
బరంపురము.