స్వీడన్‌లో ఒక సెమిస్టర్, మన ఇంట్లో ఒక గంట



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు వాళ్ల నాన్నగారు నన్ను ఒక మాట అడిగారు. "మేడమ్, మావాణ్ణి ఇంజినీరింగ్‌లో ఉండగానే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద యూరప్ పంపాలనుంది. స్వీడన్, ఫిన్లాండ్ అయితే బాగుంటుందంటున్నారు. ఇప్పట్నుంచే ఏం చేయించమంటారు? స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేర్చమంటారా?" బాబు పక్కనే నిలబడి ఉన్నాడు. మాటలన్నీ అతని గురించే అయినా, మేమిద్దరం అతణ్ణి ఒక్క ముక్క కూడా అడగలేదు. "రోజూ ఇంగ్లీష్ పేపర్ చదివించండి సార్" అని చెప్పి పంపేశాను. ఇంటికెళ్లాక ఆ జవాబు చాలదనిపించింది. మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది అదే అడుగుతారు. "ఆ దేశాల్లో చదువు ఫ్రీ" అనే మాట మన ఊళ్లో ఇంకా వినిపిస్తుంది. అది పాత మాట. యూరప్ బయటి నుంచి వచ్చే విద్యార్థుల దగ్గర డెన్మార్క్ 2006 నుంచి, స్వీడన్ 2011 నుంచి, ఫిన్లాండ్ 2017 నుంచి, నార్వే 2023 నుంచి ఫీజు తీసుకుంటున్నాయి. ఎక్స్ఛేంజ్ దారి వేరు. మన కాలేజీకి, అక్కడి యూనివర్సిటీకి ఒప్పందం ఉంటే, మామూలుగా పిల్లలు ఇక్కడి ఫీజే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. టికెట్టు, గది అద్దె, తిండి ఖర్చు మాత్రం మనవే. కాబట్టి ఇంజినీరింగ్ కాలేజీలో చేర్చేటప్పుడు క్యాంపస్ ప్లేస్‌మెంట్లతో పాటు ఏ విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం ఉందో కూడా అడగండి.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త దారి కాదు. హైదరాబాద్, కాకినాడ జేఎన్‌టీయూలు స్వీడన్‌లోని బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో కలిసి డబుల్ డిగ్రీ కోర్సులు నడిపాయి. చదువు కొంత ఇక్కడ, కొంత అక్కడ. ఆ యూనివర్సిటీ ఉన్న కార్ల్స్‌క్రోనా 1680లో నౌకాదళం కోసం కట్టిన ఊరు. మన దివిసీమ లంకల్లాగా అదీ నీళ్ల మధ్య దీవుల మీద ఉంటుంది. ఆ చిన్న ఊళ్లో మన పిల్లలు చాలామంది చదువుకుని వచ్చారు.

ఇక అసలు విషయం. మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. వాళ్లది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లోనే పెరిగాడు. పొద్దున్నే ఐదింటికి బెల్లు, రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్. మంచి మార్కులు, మంచి కాలేజీ. బీటెక్ మూడో సంవత్సరంలో ఎక్స్ఛేంజ్ మీద ఒక సెమిస్టర్‌కి దక్షిణ స్వీడన్ వెళ్లాడు. ఆగస్టు చివర్లో గన్నవరం ఎయిర్‌పోర్టుకి పదిహేను మందిమి వెళ్లి సాగనంపాం. పిన్ని భయమంతా చలి గురించే. స్వెట్టర్లు, కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న కుక్కరు సర్దింది.

చలికి వాడు ఒక మంచి జాకెట్ కొనుక్కున్నాడు, అంతే. డిసెంబరులో అక్కడ పగలు ఏడు గంటలే ఉంటుంది, మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడుతుంది. దానికీ సర్దుకున్నాడు. వాడు సర్దుకోలేకపోయింది ఖాళీ టైమ్‌కి.

అక్కడ సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. వారానికి నలభై గంటల చదువు అని దాని లెక్క. అందులో క్లాసులో కూర్చునేది కొన్ని గంటలే. మిగతాదంతా ఎవరికి వాళ్లు చదువుకోవాలి, గ్రూపుతో కూర్చుని ప్రాజెక్టు చేయాలి. చాలా లెక్చర్లకి అటెండెన్స్ తీసుకోరు. పొద్దున్నే లేపే వార్డెన్ లేడు. "ఎవరూ ఏమీ అనట్లేదక్కా, భలే ఉంది" అన్నాడు సెప్టెంబరులో. అక్టోబరు చివర మొదటి పరీక్ష తప్పాడు.

ఆ మాట రెండున్నర నెలలు ఇంట్లో చెప్పలేదు. వాడి లెక్కలో సప్లీ అంటే పరువు పోవడం. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే రాశానమ్మా" అనేవాడు. భోగి రోజు అందరం వీడియో కాల్‌లో ఉండగా, పిన్ని మామూలుగా "తిన్నావా నాన్నా" అని అడిగింది. వాడు ఏడ్చేశాడు. అక్కడ పరీక్ష తప్పితే మళ్లీ రాయడం మామూలు సంగతి, తోటి స్వీడిష్ పిల్లలు దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. ఆ వారంలోనే వాడూ మళ్లీ రాసి పాసయ్యాడు. కానీ ఆ రెండున్నర నెలలు, ఆ చీకట్లో, ఒక్కడే ఆ మాట మోశాడు. నాకు ఇప్పటికీ బాధ అనిపించేది అదే.

ఇంకో రోజు రాత్రి పదిన్నరకి నాకు ఫోన్ చేశాడు. అక్కడ సాయంత్రం ఆరు. "అక్కా, వెబ్‌సైట్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తే కాపీ కొట్టినట్టేనట. రేపే సబ్‌మిట్ చేయాలి. సొంత మాటల్లో ఎలా రాయాలి?" ఒక సీనియర్ ముందే హెచ్చరించబట్టి సరిపోయింది. అక్కడ ఇంకొకరి రాత తనదిగా చూపిస్తే క్రమశిక్షణ కమిటీకి పంపుతారు, ఆరు నెలల దాకా సస్పెండ్ చేయొచ్చు. మా తమ్ముడికి ఆ రాత్రి ఫోన్‌లో నేర్పడానికి ప్రయత్నించాను. మర్నాడు క్లాసుకి వెళ్తే నా సంగతి నాకే గుర్తొచ్చింది. "మై విలేజ్" వ్యాసం నేనే బోర్డు మీద రాశాను, నలభై నోట్‌బుక్కుల్లో అదే వ్యాసం ఉంది. నలభై మందికీ మంచి మార్కులే వేశాను. ఆ నలభై మందిలో పల్లెటూరు చూడనివాళ్లు సగం మంది ఉంటారు.

పిలుపుల సంగతి కూడా ఉంది. స్వీడిష్‌లో ఒకప్పుడు హోదాని బట్టి పిలిచే పద్ధతి ఉండేది. 1960ల చివర్లో అది పోయి, దాదాపు అందరూ అందర్నీ "నువ్వు" అనడం మొదలైంది. ప్రొఫెసర్ని కూడా పేరు పెట్టే పిలుస్తారు. మన పిల్లలు ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలవాలని నేను అనడం లేదు. మన "అండీ" మనకి అందం. కానీ మావాడు నెల రోజులు క్లాసులో నోరు విప్పలేదు. "సార్‌ని ఎదురు ప్రశ్న అడిగితే ఏమనుకుంటారో" అనే భయం. అక్కడేమో ప్రశ్న అడగని విద్యార్థికి విషయం అర్థమైందని అనుకుంటారు.

ఇక వంట, బట్టలు. విద్యార్థుల వసతి గృహాల్లో చాలాచోట్ల వంటగది ఉమ్మడి, శుభ్రం చేయడానికి వంతులు. బట్టలు ఉతికే గదికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. స్వీడన్ స్కూళ్లలో వంట, ఇంటి ఖర్చుల నిర్వహణ మగపిల్లలకీ ఆడపిల్లలకీ తప్పనిసరి సబ్జెక్టు. ఫిన్లాండ్‌లో ఏడో తరగతిలో అలాంటిదే ఉంటుంది. మావాడు ఇరవై ఏళ్ల వయసులో అన్నానికి ఎసరు ఎంత పెట్టాలో వాళ్లమ్మని వీడియో కాల్‌లో అడిగాడు.

మన పద్ధతిలో ఉన్న మంచి కూడా చెప్పాలి. లెక్కల్లో వాడు గ్రూపులో అందరికంటే ముందుండేవాడు. ఒకసారి కూర్చుంటే నాలుగు గంటలు కదలకుండా చదవగలడు. అది మన స్టడీ అవర్ల చలవే. మార్కులు లేకపోతే అసలు ఎక్స్ఛేంజ్ సీటే రాదు. కష్టపడి ఫీజు కట్టే మీరు మార్కులు అడగడం న్యాయమే.

"ఇవన్నీ అక్కడికి వెళ్లాక వాడే నేర్చుకుంటాడులే మేడమ్" అని మీరనొచ్చు. నేర్చుకుంటారు. కానీ ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ అంటే నాలుగున్నర నెలలు. మావాడికి ఇవి నేర్చుకునేసరికి సెమిస్టర్ అయిపోయింది. తిరుగు ప్రయాణం టికెట్టు చేతిలో పట్టుకుని "ఇప్పుడు మొదలుపెడితే బాగా చదివేవాణ్ణక్కా" అన్నాడు. మీ పిల్లలు స్వీడన్ వెళ్లకపోయినా హైదరాబాదో బెంగళూరో వెళ్తారు. అక్కడా పొద్దున్నే లేపడానికి మనం ఉండం.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒకటే. వారంలో మూడు సాయంత్రాలు, ఒక్కొక్క గంట, మీ పిల్లలకి టైమ్‌టేబుల్ లేకుండా వదిలేయండి. ఫోన్, టీవీ పక్కన పెట్టి, ఆ గంటలో ఏం చేయాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. చదువుకుంటారో, బొమ్మ వేస్తారో, పొయ్యి దగ్గర మీకు సాయం చేస్తారో వాళ్లిష్టం. మొదటి రెండు వారాలు ఊరికే కూర్చుంటారు. కూర్చోనివ్వండి. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గాయని చెప్పినప్పుడు, "ఎందుకు తగ్గాయి" అనేముందు "చెప్పావు, మంచిది" అనండి. తప్పిన పరీక్ష గురించి పదమూడేళ్లప్పుడు చెప్పగలిగితే ఇరవై ఏళ్లప్పుడూ చెప్పగలుగుతారు.

నా వంతు నేను మొదలుపెట్టాను. ఈ నెల నుంచి నా క్లాసులో వ్యాసం డిక్టేట్ చేయను. ప్రతి నెలా ఒక వ్యాసం పిల్లలు సొంత మాటల్లో రాస్తారు. స్పెల్లింగులు తప్పుతాయి, మార్కులు కొంచెం తగ్గుతాయి. నోట్‌బుక్కులో ఎర్ర గీతలు చూసి కంగారుపడకండి. ఆ రాత వాళ్లది.

వచ్చే మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబుని నేనే ముందు అడుగుతాను, "నీకు ఎక్కడికి వెళ్లాలనుంది నాన్నా?" అని. వాళ్ల నాన్నగారూ నేనూ కాసేపు మాట్లాడకుండా ఉంటాం.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్