మందులపెట్టె: గరాజులో సీసం

మన సభ్యురాలొకరు పోయిన నెల మాకొక ఉత్తరం వ్రాశారు. వారి శ్రీవారు 1952 నాటి హడ్సన్ హార్నెట్ రేసు కారొకటి కొనుక్కొచ్చి గరాజులో పెట్టారట. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే దాని తలుపులూ ఫెండర్లూ గీకుతూ కూర్చుంటారట. రెండేళ్ళ పిల్లవాడు నాన్న వెంటే. ప్రమాదమేమైనా ఉందా అని ఆమె ప్రశ్న. ఉంది. అందుకే ఈ నెల పేజీ అంతా దానికే ఇస్తున్నాము.

ఆ కారు మీద మోజు మాకు అర్థం కాకపోలేదు. మిషిగన్‌లో కాపురముంటున్నవాళ్ళం కదా! 1952లో నాస్కార్ పెద్ద తరగతి పందేలు 34 జరిగితే 27 హడ్సన్లే గెలిచాయి. 'స్టాక్' కారంటే ఆ రోజుల్లో నిజంగానే షోరూములో అమ్మే కారు. అందుకే ఇంటి కారు రేకు తెచ్చి రేసు కారుకు అతికినా సరిపోతుంది. హెర్బ్ థామస్ నడిపిన హార్నెట్ ఇప్సిలాంటి మ్యూజియంలో ఉంది. చూడనివాళ్ళు ఒక ఆదివారం వెళ్ళి చూడండి.

ఇక అసలు సంగతి. ఆ కాలపు కార్లలో రేకూ రేకూ కలిసే అతుకులను ఫ్యాక్టరీలోనే సీసంతో పూడ్చేవారు. సుమారు 70 పాళ్ళు సీసం, 30 పాళ్ళు తగరం. పందెంలో పడిన సొట్టలనూ చాలాసార్లు దానితోనే నింపేవారు. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో, సీసం ఉండేది. మన ఊళ్ళో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాణ్ణి చూసినవాళ్ళకు ఈ పని కొత్త కాదు. రేకును శుభ్రం చేసి, వేడిచేసి, ముందు కళాయి పూస్తారు. తరువాత సీసం కడ్డీని మంటతో మెత్తబరచి, కొవ్వు రాసిన చెక్కతో వెన్నలాగా అదుముతారు. చూడ ముచ్చటగా ఉంటుంది, కాదనము.

చిక్కు ఆ తరువాత వస్తుంది. నునుపు చేయడానికి ఆకురాయి పట్టుకుంటే సీసం పెద్ద పెద్ద ముక్కలుగా రాలి నేలమీద పడుతుంది. కరెంటు సాండరు పెడితే సన్నని పొడై గాలిలో తేలుతుంది, బట్టలకంటి ఇంట్లోకి వస్తుంది. పాత రంగును మంటతో కాల్చడం మరీ చేటు. పిల్లవాడు నేల తాకి వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదోవంతు అయితే పసివాళ్ళకు సగం దాకా పడుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ. అన్నం తినకుండా పాలసీసాతోనే గడిపే పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు! పైకి ఏ లక్షణమూ కనబడదు. కనబడేనాటికి ఆలస్యమైపోతుంది.

కారు అమ్మించమని మేము చెప్పము. పిల్లవాణ్ణి మాత్రం గరాజు గడప దాటనివ్వకండి. గర్భిణులు కూడా అటు వెళ్ళకూడదు. వారు పొడిగా రుద్దడం మానాలి, పీ-100 మాస్కు పెట్టుకోవాలి, చీపురు బదులు హెపా వాక్యూమ్ వాడాలి. పని బట్టలూ బూట్లూ ఇంట్లోకి రాకూడదు. బట్టలు విడిగా ఉతకాలి. రెండు పాళ్ళు కలిపి కొట్టే కొత్త రంగు సంగతి వేరు. అందులోని ఐసోసయనేట్ల వల్ల ఉబ్బసం పట్టుకుంటే జన్మకు వదలకపోవచ్చు. ఆ ఒక్క పని బూతు ఉన్న షాపుకు ఇచ్చెయ్యండి.

ఇంకొక మాట. హడ్సన్లో కూర్చునే నేల చట్రం దూలాల మధ్యకు దిగి ఉంటుంది. ఆ దూలాలకు తుప్పు పడితే పూత పూసి దాచకూడదు, కోసి వెల్డింగ్ చేయించాల్సిందే. కాని ఫెండరు మీది పందెం సొట్టలన్నీ తీయాలా? మమ్మల్ని అడిగితే వద్దంటాము. అవి ఆ కారు పరుగెత్తిందనడానికి సాక్ష్యం. ఎంత తక్కువ గీకితే అంత తక్కువ పొడి.

ఈ వారమే తండ్రీకొడుకులిద్దరికీ రక్తపరీక్ష చేయించండి. 1991లో పిల్లలకు పది మైక్రోగ్రాముల దగ్గర గీత గీశారు. 2021 నుంచి అది డెసిలీటరుకు 3.5. పిల్లవాడికి అంతకు మించి వస్తే గరాజుకు తాళం వేసి, వెంటనే మీ పిల్లల డాక్టరుకు ఫోను చేయండి.